సైనికులపై జరిగిన రహస్య వైద్య ప్రయోగాల కాగితాలను చదవడం ఎలా?

సైనికులపై రహస్యంగా జరిపిన వైద్య ప్రయోగాలకు సంబంధించిన ఫైలు ఏదైనా చేతికి వచ్చినప్పుడు మన చూపు ముందుగా రసాయనం పేరు మీద పడుతుంది. ఏ విషం, ఎన్ని మిల్లీగ్రాములు, ఎంతమంది ఆసుపత్రి పాలయ్యారు అని వెతుకుతాం. అవి అడగవలసిన ప్రశ్నలే. అయితే రాజ్యానికీ, దాని దగ్గర జీతానికి చేరిన మనిషికీ మధ్య ఉన్న వర్గ సంబంధం ఆ అంకెల్లో కనిపించదు. ఆ సైనికుడికి ఎంత ముట్టజెప్పారు, ఏ మాట చెప్పి పిలిచారు, రానని అంటే అతనికి ఏం పోయేది, దెబ్బతిన్న తర్వాత ఏ కోర్టు మెట్లు ఎక్కగలిగాడు అని అడిగినప్పుడే అది బయటపడుతుంది. అధ్యయన బృందాలు నడిపేవారికీ, చరిత్ర చదివే విద్యార్థులకూ, పత్రికల్లో పనిచేసేవారికీ ఉపయోగపడుతుందని ఆ చదివే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క ఉదంతంతో మొదలుపెట్టండి

ఈ విషయం మీద పుకార్లకు కొదవ లేదు. అందువల్ల మొదటి ఉదంతంగా ఏదైనా న్యాయస్థానమో, మరణ విచారణో, చట్టసభ సంఘమో పరిశీలించినదాన్ని ఎంచుకోండి. నేను కొత్తవారికి ఎప్పుడూ సూచించేది రొనాల్డ్ మాడిసన్ మరణం. ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో, సాలిస్‌బరీ పట్టణానికి దగ్గరలో, 1916లో మొదలైన పోర్టన్ డౌన్ అనే రసాయన యుద్ధ పరిశోధన కేంద్రం ఉంది. 1953 మే 6న అక్కడ, బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన ఈ 20 ఏళ్ల యువకుడి ముంజేతికి గుడ్డ చుట్టి, దాని మీద 200 మిల్లీగ్రాముల సారిన్ అనే విషాన్ని చుక్కలు చుక్కలుగా వేశారు. కొద్దిసేపటికే ఒళ్లంతా చెమటలు పట్టి అతను కుప్పకూలిపోయాడు, ఆ రోజే చనిపోయాడు. అంతకు కొద్ది రోజుల ముందే 300 మిల్లీగ్రాములు వేసిన మరొక సైనికుడు స్పృహ తప్పి, చావు అంచుల దాకా వెళ్లి వచ్చాడు. ఆ తర్వాత ప్రయోగాన్ని ఆపలేదు, మోతాదును మాత్రం 200కు తగ్గించారు. తేదీలను వరసగా ఒక కాగితం మీద రాసుకుంటేనే ఈ సంగతి కళ్లకు కడుతుంది, కాబట్టి ఏ ఉదంతంలోనైనా మొదటి పనిగా ఆ వరసను సిద్ధం చేసుకోండి. ఒక మనిషి పడిపోయిన రోజుకూ, ఇంకొకరిని కుర్చీలో కూర్చోబెట్టిన రోజుకూ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. ఆ వ్యవధిలో నిర్ణయం తీసుకున్నవారి హోదా ఏమిటో పక్కనే రాయండి.

ముందు జీతం, సెలవు

మాడిసన్‌కు ఆ ప్రయోగానికి గాను దక్కవలసింది 15 షిల్లింగులూ, మూడు రోజుల సెలవూ. ఆ డబ్బుతో నిశ్చితార్థపు ఉంగరం కొనాలని అతను అనుకున్నాడు. ఈ రెండు వాక్యాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగమని చదివేవారిని కోరుతున్నాను. పెద్ద జీతం ఉన్నవాడికి 15 షిల్లింగులు ఒక లెక్క కాదు. బ్యారక్‌లో ఉండే కుర్రవాడికి మూడు రోజుల సెలవు బంగారంతో సమానం. ఆ సెలవును ఇచ్చేదీ రాజ్యమే, ఇవ్వకుండా బిగపట్టి దాన్ని అంత విలువైనదిగా చేసిందీ రాజ్యమే. తన చేతిలో బిగబట్టుకున్నదాన్నే ఆశ చూపి మనిషి చర్మాన్ని అడగడంలోనే యజమానికీ కూలికీ మధ్య ఉండే బేరం ఉంది. మామూలు కూలి బేరంలో పని గంటలు ముగిశాక శరీరం కూలివాడి ఇంటికి వెళ్తుంది. సైన్యంలో చేరినవాడి ఒప్పందానికి అలాంటి సాయంత్రం లేదు. అందుకే ఏ దేశపు ఫైలు చదివినా ప్రతిఫలం రాసిన చోటును ముందుగా వెతికి, దానిని ఆ సైనికుడి నెల జీతంతో పోల్చి చూడండి.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. వర్గం అనగానే కడు పేదవారిని పట్టుకొచ్చి ప్రయోగించారని రాసేయకండి. అమెరికాలోని ఎడ్జ్‌వుడ్ ఆయుధ కేంద్రంలో 1950ల మధ్య నుంచి 1975 దాకా సుమారు 6,700 మంది సైనికులపై 250కి పైగా రసాయనాలను పరీక్షించారు. అక్కడికి పంపే ముందు వారికి తెలివితేటల పరీక్షలు పెట్టి, సగటు కంటే ఎక్కువ మార్కులు వచ్చినవారికి ప్రాధాన్యం ఇచ్చారు. వర్గ సంబంధమంటే జేబులో ఎంత డబ్బుందో చెప్పే లెక్క మాత్రమే కాదు. ఎవరు ఎవరికి ఆజ్ఞ ఇవ్వగలరు, ఎవరి శరీరం ఎవరి పనికి వనరు అవుతుంది అన్నది దాని అసలు రూపం. ఈ తేడాను గట్టిగా పట్టుకోకపోతే మొదటి విమర్శకే మీ వ్యాసం కూలిపోతుంది.

కాదనడానికి అయ్యే ఖర్చు

ప్రభుత్వాల వాదన ఎక్కడైనా ఒకటే: వారంతా స్వచ్ఛందంగా వచ్చారు. ఈ మాటను వెంటనే అబద్ధమని కొట్టెయ్యకండి, అలాగని ఒప్పుకోకండి. ఆ సైనికుడు అవునన్నాడా లేదా అన్న దగ్గర ఆగకుండా, కాదంటే అతనికి ఎంత ఖర్చయ్యేదో లెక్క కట్టండి. పిలుపు ఎక్కడ ఇచ్చారు? నోటీసు బోర్డు మీదనా, కవాతు మైదానంలో వరసగా నిలబెట్టి అడిగారా? అడిగినవాడు అతని పదోన్నతి కాగితం మీద సంతకం చేసేవాడేనా? ముందుకు అడుగు వేయనివాడిని తోటివారు ఎలా చూసేవారు? పోర్టన్ డౌన్‌కు వెళ్లిన మాజీ సైనికులు చాలామంది, తమకు జలుబు మందు కోసం జరిగే పరిశోధన అని చెప్పారని తర్వాతి కాలంలో వాంగ్మూలం ఇచ్చారు. సాలిస్‌బరీ దగ్గరే 1946 నుంచి జలుబు పరిశోధన కేంద్రం నిజంగానే ఉండేది కాబట్టి ఆ మాట నమ్మదగినదిగా వినిపించింది.

అమెరికా సైన్యపు సార్జెంట్ జేమ్స్ స్టాన్లీ సంగతి ఇంకా స్పష్టమైనది. విషవాయువుల నుంచి కాపాడే దుస్తులనూ పరికరాలనూ పరీక్షించడానికని 1958లో అతను ముందుకు వచ్చాడు. అతనికి తెలియకుండా ఎల్‌.ఎస్‌.డి. అనే మత్తు రసాయనాన్ని ఇచ్చారు. ఆ తర్వాత అతని మనసు స్థిమితం తప్పింది, సంసారం విచ్ఛిన్నమైంది. 1975 డిసెంబరులో సైన్యం నుంచి ఒక ఉత్తరం వచ్చేదాకా, అంటే 17 ఏళ్లపాటు, తనకు ఏమైందో అతనికే తెలియదు. ఆ ఉత్తరం కూడా క్షమాపణ చెప్పడానికి రాలేదు. 1958 నాటి ప్రయోగంలో పాల్గొన్న ‘స్వచ్ఛంద’ సైనికులపై దీర్ఘకాలిక ప్రభావాన్ని తెలుసుకునే అధ్యయనానికి సహకరించమని కోరడానికి వచ్చింది.

అప్పటి కాలం వేరు, నేటి కొలబద్దతో తూచకూడదు అన్న వాదన కూడా మీకు ఎదురవుతుంది. దానికి జవాబు తేదీల్లోనే దొరుకుతుంది. మనిషి మీద కొత్త వైద్య ప్రయోగం చేయాలంటే అతని సమ్మతి ఉండాలని 1931లోనే జర్మనీ ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. నాజీ వైద్యులపై తీర్పు చెబుతూ 1947లో అమెరికా న్యాయమూర్తులు రాసిన న్యూరెంబర్గ్ నియమాల్లో మొదటిది స్వచ్ఛంద సమ్మతి. ఆ నియమాలను అమెరికా రక్షణ మంత్రి చార్లెస్ విల్సన్ 1953 ఫిబ్రవరి 26న తన సైన్యానికి కూడా వర్తింపజేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. అయితే ఆ ఉత్తర్వు మీద ‘అతి రహస్యం’ అని ముద్ర కొట్టారు. 1975 వరకు ఆ ముద్ర తొలగలేదు. సైనికుడికి హక్కు ఉందని చెప్పే కాగితాన్ని సైనికుడి నుంచే దాచిపెట్టారన్నమాట. నేను చదివిన కాగితాల్లో రాజ్యస్వభావాన్ని ఇంతకంటే సూటిగా చూపేది మరొకటి లేదు.

చర్మం గురించి రాసిన వాక్యాలు

మన ఉపఖండానికి నేరుగా సంబంధించిన ఉదంతం ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న రావల్పిండిది. 1930ల తొలి సంవత్సరాల నుంచి పదేళ్లకు పైగా, పోర్టన్ డౌన్ శాస్త్రవేత్తలు అక్కడి సైనిక కేంద్రంలో బ్రిటిష్ ఇండియా సైన్యపు సిపాయిలపై, చర్మాన్ని కాల్చి పొక్కులు లేపే మస్టర్డ్ గ్యాస్ అనే విషవాయువును పరీక్షించారు. కొన్ని వందల మంది భారతీయ సిపాయిలు నిక్కర్లు, నూలు చొక్కాలతో గ్యాస్ గదుల్లోకి వెళ్లారు. భారతీయుల చర్మానికి బ్రిటిష్‌వారి చర్మం కంటే ఎక్కువ హాని జరుగుతుందా, తక్కువ జరుగుతుందా అన్నది శాస్త్రవేత్తలు తేల్చదలచుకున్న అంశాల్లో ఒకటి. ఒళ్లు కాలిన సిపాయిల బాధ అనుభవిస్తే తప్ప అర్థం కానిదని వారి నివేదికే ఒప్పుకుంది. లండన్‌లోని జాతీయ పత్రాలయంలో ఉన్న ఈ ఫైళ్ల సంగతి 2007లో గానీ పత్రికలకు ఎక్కలేదు.

ఇలాంటి నివేదిక చదివేటప్పుడు వ్యాకరణాన్ని గమనించండి. క్రియలన్నీ కర్త లేకుండా నడుస్తాయి. గ్యాస్ ప్రయోగించబడింది, పొక్కులు గమనించబడ్డాయి, రోగి తరలించబడ్డాడు అన్న ధోరణి కనిపిస్తుంది. ఎవరు ప్రయోగించారో వాక్యంలో ఉండదు. శాస్త్రవేత్త పేరు ముఖపత్రం మీద అక్షరాలా ఉంటుంది, సిపాయి మాత్రం ఒక చేయిగానో, వీపుగానో, పట్టికలో ఒక సంఖ్యగానో మిగిలిపోతాడు. మా అధ్యయన బృందంలో మేము అలవాటు చేసుకున్న పద్ధతి ఏమిటంటే, అటువంటి ప్రతి వాక్యాన్నీ కర్తరి ప్రయోగంలోకి మార్చి తిరిగి రాయడం. ‘పొక్కులు గమనించబడ్డాయి’ అన్నది ‘ఫలానా హోదా అధికారి ఒక సిపాయి చేతికి గ్యాస్ తగిలించి, అతని చర్మం పొక్కుతుంటే చూస్తూ రాసుకున్నాడు’ అని మారుతుంది. ఒక పేజీని ఇలా మార్చడానికి గంట పట్టినా ఫరవాలేదు, ఆ గంట వృథా పోదు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సుమారు 60,000 మంది సైనికులను ఈ రసాయనాల పరీక్షలకు వాడుకుంది. నల్లజాతి, జపాన్ సంతతి, పోర్టోరికో సైనికులను వేరువేరుగా పరీక్షించి, తెల్లవారి చర్మాన్ని ‘మామూలు’ చర్మంగా లెక్క కట్టింది. ఎవరు ‘మామూలు’ అన్నది శాస్త్రం తేల్చిన విషయం కాదు, సైన్యంలో ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారన్న దాన్ని బట్టి వచ్చిన మాట.

ఈ ఆలోచన మంచి మనసున్నవారిలో సైతం ఎలా పాతుకుపోయిందో చూడాలంటే జె.బి.ఎస్. హాల్డేన్‌ను గుర్తు చేసుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ముఖ కవచాలను పరీక్షించడానికి తండ్రితో కలిసి విషవాయువును తానే పీల్చిన శాస్త్రవేత్త ఆయన. అంతటివాడు 1925లో రాసిన ఒక చిన్న పుస్తకంలో, నల్లని చర్మం మస్టర్డ్ గ్యాస్‌ను ఎక్కువగా తట్టుకుంటుందనీ, అలా తట్టుకునే నల్లజాతి సైనికులతో దళాలు కూర్చవచ్చుననీ, వారిపై అధికారులుగా ఉండటానికి సరిపడినంతమంది తట్టుకోగల తెల్లవారు కూడా దొరుకుతారనీ వాదించాడు. జాతీ వర్గమూ ఒకే వాక్యంలో ఎంత సహజంగా ఇమిడిపోయాయో చూడండి. ఆయన ఆ తర్వాత సామ్యవాది అయ్యాడు, 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడ్డాడు, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు. ఆయన వీలునామా ప్రకారం దేహాన్ని మన కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

సమ్మతి అంటే ఏమిటో బోధించడానికి కాకినాడ చేరిన ఆ దేహాన్నీ, రావల్పిండి సిపాయి చేతినీ పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. తానే విషాన్ని పీల్చే శాస్త్రవేత్త ఊపిరి ఆడనప్పుడు ఆపమని చెప్పగలడు, తన దేహం చనిపోయాక ఎక్కడికి పోవాలో కూడా రాసి పెట్టగలడు. సిపాయికి ఆపమనే అధికారమూ లేదు, ఆ తర్వాత తన ఆరోగ్యం ఎలా ఉందని అడిగిన నాథుడూ లేడు. స్వీయ ప్రయోగం చేసిన శాస్త్రవేత్తల ఉదాహరణలు చూపి, ఆ రోజుల్లో అందరూ ప్రమాదాన్ని పంచుకున్నారని ఎవరైనా వాదిస్తే, ప్రయోగాన్ని మధ్యలో ఆపగల మాట ఎవరిదో చెప్పమని అడగండి.

కోర్టు తలుపు ఎవరికి మూసి ఉంది

ఏ ఫైలుకైనా ఒక సమాంతర ఫైలు ఉంటుంది, అది చట్టానిది. బ్రిటన్‌లో 1947 నాటి ప్రభుత్వ వ్యాజ్యాల చట్టం మామూలు పౌరుడికి ప్రభుత్వంపై నష్టపరిహారపు దావా వేసే వీలు కల్పించింది, కానీ అదే చట్టంలోని 10వ సెక్షను సైనికుడికి ఆ వీలు లేకుండా చేసింది. 1987లో దానిని తీసేశారు గానీ, గతంలో దెబ్బతిన్నవారికి ఆ మార్పు వర్తించలేదు. అమెరికాలో 1950 నాటి ఫెరెస్ తీర్పు సైనిక సేవలో భాగంగా కలిగిన హానికి ప్రభుత్వంపై దావా చెల్లదన్నది. ఇందాక చెప్పిన స్టాన్లీ కేసును 1987లో సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో, 5–4తో, తోసిపుచ్చింది. మన రాజ్యాంగంలోని 33వ అధికరణం కూడా సాయుధ బలగాల సభ్యుల ప్రాథమిక హక్కులను ఎంతవరకు కుదించవచ్చో పార్లమెంటు తేల్చవచ్చునని చెబుతుంది. అంటే సైనికుడికి రాజ్యమే యజమాని, రాజ్యమే వైద్యుడు, రాజ్యమే రికార్డుల గుమాస్తా, చివరికి దావా వినవలసిన చోట తలుపు గడియ వేసేదీ రాజ్యమే.

మాడిసన్ విషయంలో మొదటి మరణ విచారణ 1953లో మూసిన తలుపుల వెనుక జరిగి, దురదృష్టవశాత్తు జరిగిన మరణమని తేల్చింది. హాజరు కానిచ్చిన తండ్రికి కూడా నోరు విప్పకూడదని ఆంక్ష పెట్టారు. 1999లో విల్ట్‌షైర్ పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టాక, 2002లో ఉన్నత న్యాయస్థానం పాత తీర్పును కొట్టివేసింది. 2004లో జరిగిన రెండో విచారణలో, ఆ రోజు అంబులెన్సుతో వచ్చిన మనిషి సాక్ష్యం చెప్పాడు. మాడిసన్ కాలి చర్మం చీలమండ నుంచి పైకి, గ్లాసులో నీలపు ద్రవం పోస్తున్నట్టుగా నీలంగా మారుతూ పోవడం తాను చూశాననీ, ఎక్కడైనా చెబితే జైలేనని బెదిరించారనీ అన్నాడు. అది చట్టవిరుద్ధమైన హత్య అని 2004 నవంబరు 15న తేలింది, చావుకూ ఆ మాటకూ మధ్య 51 ఏళ్లు గడిచాయి. 2008లో బ్రిటిష్ రక్షణ శాఖ, బాధ్యత ఒప్పుకోకుండానే, 360 మంది మాజీ సైనికులకు మొత్తం 30 లక్షల పౌండ్లు ఇచ్చింది.

అందువల్ల ప్రతి ఫైలు పక్కనా ‘రహస్యం ఎవరి నుంచి?’ అని ఒక గడి గీసుకోండి. మస్టర్డ్ గ్యాస్‌ను 1917లోనే యుద్ధరంగంలో వాడారు, దాని సంగతి శత్రువుకు తెలియనిది కాదు. అలాంటప్పుడు దశాబ్దాల పాటు దాచింది శత్రువు నుంచి కాదు, సిపాయి నుంచీ, అతని ఇంటివారి నుంచీ, ఓటు వేసేవారి నుంచీ.

ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి

పోర్టన్ డౌన్ ఉత్తరప్రత్యుత్తరాలు లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న జాతీయ పత్రాలయంలో డబ్ల్యూ.ఓ. 188 వరసలోనూ, సాంకేతిక నివేదికలు డబ్ల్యూ.ఓ. 189 వరసలోనూ ఉన్నాయి. బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు సైనిక రికార్డులు కూడా చూడదగినవి. అక్కడ చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు ఎవరైనా ఒక రోజు కేటాయిస్తే, ఇక్కడ ఒక బృందానికి ఏడాదికి సరిపడే పని దొరుకుతుంది.

మన దేశంలో అడగాలంటే సమాచార హక్కు చట్టమే దారి. అందులోని 8(1)(ఎ) సెక్షను కింద దేశభద్రత పేరుతో కాదనవచ్చు. 20 ఏళ్లు దాటిన సమాచారానికి 8(3) కింద కొన్ని మినహాయింపులు తొలగిపోయినా ఇది తొలగదు. 24వ సెక్షను కింద రెండో షెడ్యూలులోని నిఘా, భద్రతా సంస్థలకు చట్టం వర్తించదు. అయినా మానవ హక్కుల ఉల్లంఘనకు సంబంధించిన సమాచారమైతే కేంద్ర సమాచార కమిషన్ ఆమోదంతో 45 రోజుల్లో ఇవ్వాలని అదే సెక్షను చెబుతోంది. కాబట్టి దరఖాస్తులో ఆరోపణలు గుప్పించకుండా, ఒక తేదీ, ఒక కేంద్రం, ఒక రకం రికార్డు అని కుదించి అడగండి.

మాజీ సైనికులతో మాట్లాడటం నేర్చుకోవాలంటే ముందుగా ఏ ప్రయోగంతోనూ సంబంధం లేనివారితో మాట్లాడండి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అని పిలుస్తారు, అక్కడ సైన్యానికి మనిషిని పంపిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఊళ్లో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని, సెలవు ఎలా దొరికేది, పై అధికారికి కాదని చెప్పిన సందర్భం ఎప్పుడైనా ఉందా, పింఛను కాగితం మీద ఏమేం రాస్తారు అని అడిగితే, ఫైళ్లలో కనిపించే ‘స్వచ్ఛందం’ అన్న మాట బరువెంతో తెలుస్తుంది. ఆయనను బాబాయి అని పిలిచి, చెప్పదలచుకోని చోట ఆగనివ్వండి. గర్వంగా చేసిన కొలువును మీరు చులకన చేస్తున్నారన్న అనుమానం కలిగితే ఆయన మరి నోరు విప్పరు, అందులో తప్పేమీ లేదు.

ఇంటి దగ్గరి కాగితం

సైన్యపు ఫైలు చదివే కన్ను పౌర జీవితపు కాగితాలను కూడా చదవగలగాలి. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేసే పరిశీలన జరిగింది. వారిలో చాలామంది గిరిజన వసతి గృహాల పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, దానిని ఇక్కడికి తీసుకురావద్దు. మనం చూడవలసింది అంగీకార పత్రాలను. 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి, 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. తిండీ పడకా తన చేతిలో ఉన్నవాడే పిల్ల తరఫున సరేనన్నాడు. బ్యారక్‌లో కమాండింగ్ అధికారి ఉన్న స్థానంలోనే ఇక్కడ వార్డెన్ ఉన్నాడు.

ఇదంతా చదివాక మీ పట్టికలో చాలా గడులు ఖాళీగా మిగులుతాయి. రావల్పిండి వరసలో సిపాయి పేరు, ఊరు, వయసు, ఆ తర్వాత ఎన్నేళ్లు బతికాడు అన్నవి దాదాపు ఏమీ దొరకవు. ఆ గడులను ఊహతో నింపకండి, చెరిపేయకండి కూడా. ‘రాయలేదు’ అని సిరాతో రాసి, ఆ పక్కన రాయవలసిన అధికారి హోదాను రాయండి.